హారిస్‌విల్ మిల్లు ఊరు: 1877 పటంలో పేరున్నవాడే ఇంటి సొంతదారా?

వాగుగట్టు

అమెరికాలో న్యూహాంప్‌షైర్ రాష్ట్రం, చెషైర్ కౌంటీలోని హారిస్‌విల్‌కి ఇంటింటి పట్టిక ఒకటి తయారుచేస్తున్నాను. ఇంటికి మూడు గళ్లు: సొంతదారు, కాపురమున్నవాళ్లు, వాళ్ల పని. చేతిలో రాక్‌వుడ్ అచ్చువేసిన 1877 కౌంటీ అట్లాసు (పటాల పుస్తకం) పేజీ, 1870, 1880 జనాభా లెక్కల షీట్లు ఉన్నాయి. ఉన్ని మిల్లుల ఊరు. పాత మిల్లు భవనాలు, కార్మికుల ఇళ్లు చాలావరకు ఇప్పటికీ నిలబడే ఉన్నాయి కాబట్టి పటాన్ని నేలతో పోల్చుకోవచ్చు.

చిక్కులివి. పటంలో ఇంటి గుర్తు పక్కన పేరుంటే అది సొంతదారుదా, అద్దెకున్నవాడిదా? పేరు లేని గుర్తులు ఎవరివి? లెక్కల్లో చాలామందికి "ఉన్ని మిల్లులో పని" అని ఒకటే ముక్క రాశారు. అసలు పనేంటో ఎలా తేల్చాలి? 1880 షీట్లలో ఆస్తి విలువ గడే లేదు, సరైన షీటేనా అది?

పాతదస్తావేజు

షీటు సరైనదే. స్థిరాస్తి విలువ అడిగింది 1850, 1860, 1870 లెక్కల్లోనే. 1880లో ఆ గడి తీసేసి, ఇంటి పెద్దకి ఏమవుతారన్న గడి చేర్చారు. 1890 మీద ఆశ పెట్టుకోకండి, 1921లో వాషింగ్టన్ అగ్నిప్రమాదం తర్వాత ఆ షీట్లలో మిగిలింది దాదాపు శూన్యం.

ఇక పటం సంగతి. ఈ కౌంటీ పటాలు, అట్లాసులు చందాలమీద అమ్మిన సరుకు. ముందే డబ్బు కడతామన్నవాళ్ల పేరు పటంలో పడాలి, లేకపోతే వాళ్లు కొనరు. సర్వేయరు దూరం కొలిచే ఓడోమీటరు చక్రం తోసుకుంటూ రోడ్డెంబడి పోయి, ఏ ఇల్లు ఎంత దూరంలో ఉందో రాసుకుని, గడపలో ఎవరుంటే వాళ్లని పేరడిగి ముందుకు పోయేవాడు. దస్తావేజు చూసి పేరు రాసినవాళ్లు లేరు. అందుకే రోడ్డు వారన ఉన్న ఇళ్ల స్థానం నమ్మొచ్చు, వెనక వరసలో ఉన్నవి అంతగా నమ్మలేం. పేరు స్పెల్లింగు చెవికి వినపడ్డట్టు ఉంటుంది.

పేరు ముందూ వెనకా ఉన్న ముక్కల్ని వదలొద్దు. "ఎస్ట్." అన్నా "హెయిర్స్" అన్నా సొంతదారు చనిపోయాడు, ఆస్తి ఇంకా పంపకం కాలేదని. "మిసెస్" ఉంటే ఎక్కువగా వితంతువు. "బి.ఎస్. షాప్" కమ్మరి కొట్టు, "ఎస్. మిల్" కోతమిల్లు, "జి. మిల్" పిండిమిల్లు, "ఎస్.హెచ్." బడి, "పి.ఓ." పోస్టాఫీసు. ఒకే పేరు రెండు చోట్లుండి, ఒకదాని పక్కన "రెస్." అని ఉంటే అది నివాసం, రెండోది కొట్టు.

హారిస్‌విల్‌లో ఇంకో మెలిక. ఆ ఊరు విడి టౌనుగా ఏర్పడింది 1870లో. అంతకుముందు డబ్లిన్, నెల్సన్ టౌన్ల సరిహద్దు మిల్లు ఊరి మధ్యనుంచే పోయేది. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, టౌనంటే మన పట్నం కాదు, పొలాలూ అడవులూ కలుపుకున్న పంచాయతీ లాంటిది. 1870 లెక్కల తేదీ జూన్ 1, కొత్త టౌను ఇంకా ఏర్పడకముందు. కాబట్టి ఆ ఏడాదికి డబ్లిన్ షీట్లు, నెల్సన్ షీట్లు రెండూ తిరగెయ్యండి. పన్ను జాబితాలకీ అంతే. సరిహద్దుకి ఇటున్నవాడు ఒక పుస్తకంలో, అటున్నవాడు ఇంకో పుస్తకంలో తేలతాడు.

గడపలెక్క

జనాభా లెక్కల షీటులో మొదటి అంకె ఇంటి నంబరనుకుంటారు చాలామంది. అది లెక్కగాడు తిరిగిన వరస, అంతే. ఒకే కప్పు కింద నాలుగు కాపురాలుంటే ఇంటి వరస నంబరు ఒకటి, కుటుంబ నంబర్లు నాలుగు. కంపెనీ ఇళ్లు పట్టుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు. 1870 షీటులో వరసగా వచ్చే ఇళ్లు, ఒక్కోదాంట్లో రెండు మూడు కుటుంబాలు, ఎవరికీ స్థిరాస్తి విలువ లేదు, పనుల గడిలో అంతా మిల్లే. అలా ఓ పది ఇళ్లు వరసగా కనబడితే అవి మిల్లువాళ్ల టెనెమెంట్లే, అంటే కూలీలకిచ్చే అద్దె ఇళ్లు. తిండి, బస ఇచ్చే బోర్డింగు హౌసు ఇంకా తేలిక: ఒకే కుటుంబ నంబరు కింద మొదట నడిపే ఆవిడో దంపతులో, తర్వాత వేర్వేరు ఇంటిపేర్లతో ఇరవై, ముప్పై మంది.

విలువ గడిని మాత్రం జాగ్రత్తగా చదవాలి. 1850 సూచనల్లోనే స్పష్టంగా ఉంది: తాకట్టు ఉన్నా తగ్గించకుండా పూర్తి విలువ రాయాలి. ఆ ఆస్తి అదే ఊళ్లో ఉండాలనీ లేదు. ఓవర్సీరుకి (మిల్లులో ఒక గది పెద్ద) 1,200 డాలర్ల స్థిరాస్తి కనబడితే అది పక్క టౌనులో తండ్రిచ్చిన పొలం కావచ్చు, తను మాత్రం కంపెనీ ఇంట్లో అద్దెకుండొచ్చు. కంపెనీ సొంత ఆస్తి ఏ మనిషి గడిలోనూ పడదు. ఊరిని సగం ఏలిన సంస్థ ఈ షీట్లలో అసలు కనబడదన్నమాట. 1870లో చరాస్తి 100 డాలర్ల లోపుంటే రాయక్కర్లేదన్నారు, కాబట్టి ఖాళీ గడి చూసి దరిద్రుడని తేల్చెయ్యకండి.

తిరగలిరాయి

ఇంత వడపోత ఎందుకండీ? పటంలో పేరున్న ఇల్లు సొంతిల్లని మొదట రాసేసి, దస్తావేజు దొరికినప్పుడు దిద్దుకుంటే సరిపోదూ?

పాతదస్తావేజు

సరిపోదు. దస్తావేజు దొరకని ఇళ్లు చివరికి సగం మిగులుతాయి, వాటికి తప్పుడు సొంతదారు శాశ్వతంగా అతుక్కుంటాడు. పటం చెప్పింది "పటంలో పేరు" అని నాలుగో గడిలో వెయ్యండి. సొంతదారు గడి దస్తావేజు, వారసత్వ పత్రం, పన్ను జాబితా, ఈ మూడింట్లో ఒకటి చూస్తేనే నింపండి.

గొలుసు_లింకు

రిజిస్ట్రీ ఎక్కడుందో ముందు చూసుకోండి, రాష్ట్రానికో తీరు. న్యూహాంప్‌షైర్, మసాచుసెట్స్‌లో దస్తావేజులు కౌంటీ లెక్కన, హారిస్‌విల్‌వి కీన్ పట్నంలో. రోడ్ ఐలాండ్, కనెక్టికట్, వెర్మాంట్‌లో టౌను కార్యాలయంలోనే. రోడ్ ఐలాండ్‌లోని మిల్లు ఊరు స్లేటర్స్‌విల్ మీద పనిచేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆ ఊరు 1871 దాకా స్మిత్‌ఫీల్డ్ టౌనులో భాగం, ఇప్పుడు నార్త్ స్మిత్‌ఫీల్డ్, పాత స్మిత్‌ఫీల్డ్ పుస్తకాలేమో సెంట్రల్ ఫాల్స్‌లో ఉన్నాయి.

వెతకడం వెనక్కి వెతకాలి. ఇల్లు ఎవరిదో కచ్చితంగా తెలిసిన ఏదో ఒక తర్వాతి దస్తావేజు పట్టుకుని, కొన్నవాళ్ల సూచికలో ఆ అమ్మినవాడి పేరు చూడాలి. మంచి దస్తావేజులో "ఫలానా తేదీన ఫలానావాడు నాకు రాసిచ్చిన స్థలమే ఇది, ఇన్నో సంపుటం, ఇన్నో పేజీ" అని ఉంటుంది, అదే మీకు తర్వాతి మెట్టు. ఈ దస్తావేజుల గొలుసు తెగితే కారణం సాధారణంగా రెండింట్లో ఒకటి: వారసత్వం, లేదా తాకట్టు. వారసత్వమైతే దస్తావేజుల్లో దొరకదు, కౌంటీ ప్రొబేట్ కోర్టు కట్టల్లో చూడాలి. తాకట్టు పత్రం అమ్మకం పత్రంలాగే రాసి ఉంటుంది, "ఈ మొత్తం తీర్చితే ఇది చెల్లదు" అన్న షరతు చివర్లో వస్తుంది. సగం చదివి వదిలేస్తే అప్పిచ్చినవాడు సొంతదారైపోతాడు. చివరిదాకా చదవండి, పేజీ అంచున అప్పు తీరినట్టు రాసిన గమనిక ఉందేమో కూడా చూడండి.

కొలతలు. అక్కడ రాడ్. 1 రాడ్ 16½ అడుగులు, 25 లింకులు. 4 రాడ్లు ఒక గొలుసు, అంటే 66 అడుగులు, 100 లింకులు. 160 చదరపు రాడ్లు ఎకరం. మన పాత ఎఫ్.ఎం.బి. (సర్వే కొలతల పుస్తకం) స్కెచ్చుల్లోని లింకు కూడా ఇదే గంటర్ గొలుసు లింకు, వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. కాబట్టి "రోడ్డు వెంట 8 రాడ్లు, లోపలికి 5 రాడ్లు" అని చదివితే 132 అడుగులకి 82½ అడుగులు, 40 చదరపు రాడ్లు, సరిగ్గా పాతిక సెంట్లు. తెలంగాణ లెక్కలో పది గుంటలు.

దిక్కులు దిక్సూచితో చూసినవి, సూది చూపే ఉత్తరం ఏళ్లు గడిచేకొద్దీ జరుగుతూ ఉంటుంది. 3 డిగ్రీల తేడా వస్తే 20 రాడ్ల గీత చివర 17 అడుగులు పక్కకి పోతుంది. ఇల్లే మారిపోతుంది. అందుకని కోణాల్ని నమ్ముకుని గీయకుండా హద్దుదారుల పేర్లతో అల్లండి: తూర్పున ఫలానావాడి స్థలం, దక్షిణాన రోడ్డు, పడమర చెరువు. నలుగురి దస్తావేజులు పక్కపక్కన పెడితే ఒకడి పడమర ఇంకొకడి తూర్పుకి అతుక్కుంటుంది. ఎక్కడ "కంపెనీ స్థలం" అని హద్దు వస్తుందో అక్కడ మీ పేరులేని గుర్తులున్నాయి.

నేతగది

"ఉన్ని మిల్లులో పని" గురించి. లెక్కగాడికి మిల్లు లోపల ఏం జరుగుతుందో తెలియకపోతే అలాగే రాస్తాడు. లోపలి పని తెలిసినవాడైతే అదే ఊళ్లో ఒక్కో పేరూ విడివిడిగా వస్తుంది. 1880 షీట్లో ఒకటి, 1870 షీట్లో ఒకటి ఉంటే రెండూ కలిపి చూడండి, మనిషి అదే అయితే పని చాలాసార్లు తేలుతుంది.

ఉన్ని మిల్లులో వరస ఇలా ఉంటుంది. ఉన్ని విడదీసేవాడు నాణ్యం బట్టి కుప్పలు పోస్తాడు, ఇది నేర్పున్న పని, జీతం మెరుగు. తర్వాత కడగడం, పికర్ యంత్రంలో విదిలించడం. పికర్ గదిలో ధూళి, నూనె, నిప్పురవ్వ భయం, అందుకే చాలా మిల్లుల్లో అది విడి భవనం. పటంలో మిల్లు పక్కన పేరులేని చిన్న గుర్తుంటే దాన్ని ఇల్లని రాసేముందు ఇది గుర్తుంచుకోండి. అక్కడినుంచి కార్డింగ్‌లో ఏకడం, మ్యూల్ అనే యంత్రం మీద వడకడం, పడుగు తోడటం, నేత. నేసిన గుడ్డలో ముళ్లు, ముడులు ఏరేది బర్లర్లు, ఎక్కువగా ఆడవాళ్లు. ఫుల్లింగ్‌లో సబ్బునీళ్లతో దంచితే గుడ్డ కుంచించుకుని చిక్కబడుతుంది. చివర నూగు లేపడం, కత్తిరించడం, ఒత్తడం. అద్దకం ఉన్ని దశలోనే జరగొచ్చు, గుడ్డ దశలోనూ జరగొచ్చు.

హోదాలు మూడు మెట్లు: ఏజెంటు లేదా సూపరింటెండెంటు, ఒక్కో గదికి ఓవర్సీరు, అతని కింద సెకండ్ హ్యాండ్. ఓవర్సీర్లకి విడి ఇల్లు, కూలీలకి టెనెమెంటు అన్నది మామూలు ఏర్పాటు. కాబట్టి ఒంటరి ఇంట్లో ఓవర్సీరు కనబడితే వెంటనే సొంతిల్లనకండి.

1850లో పని గడి పదిహేనేళ్లు దాటిన మగవాళ్లకే. ఆ ఏడాది మగ్గాల మీద ఎంతమంది అమ్మాయిలున్నా షీట్లో పని కనబడదు. 1860 నుంచి ఆడవాళ్ల పనీ రాశారు.

వాగుగట్టు

చాలా స్పష్టంగా చెప్పారు, సంతోషం. మిల్లు బయటి వృత్తుల సంగతి? కమ్మరి, బళ్లు చేసేవాడు, చెప్పులు కుట్టేవాడు. వీళ్లవి సొంత కొట్లేనా?

తిరగలిరాయి

సొంత స్థలం ఉన్నవాళ్లు ఎక్కువగా తేలేది ఈ వర్గంలోనే. కమ్మరి, బళ్ల వడ్రంగి, జీను కుట్టేవాడు, రేకు పనివాడు, తోళ్లు పదునుచేసేవాడు, కిరాణా కొట్టువాడు. కంపెనీకి వీళ్లు కావాలి, వీళ్లని జీతానికి పెట్టుకోవాలని లేదు.

కమ్మరి కొట్టు, బళ్ల కొట్టు పటంలో దాదాపు అంటుకునే ఉంటాయి, పక్కన వాగో కాలవో ఉంటుంది. కారణం చక్రం. చెక్క చక్రం వడ్రంగి చేస్తాడు, ఇనుప పట్టా కమ్మరి వేస్తాడు. 4 అడుగుల చక్రం చుట్టుకొలత సుమారు 12 అడుగుల 7 అంగుళాలు. పట్టాని కొంచెం బిగువుగా చేసి, 600 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కిస్తే అంగుళం పైచిలుకు సాగుతుంది, అప్పుడు చక్రానికి తొడిగి వెంటనే నీళ్లు పోస్తారు. ఆలస్యమైతే చెక్క కాలుతుంది. పట్టా మరీ బిగువైతే ఆకులు వంగిపోతాయి, వదులైతే ఎండాకాలం చెక్క ఎండి పట్టా ఊడిపోతుంది. మన ఊళ్లలో బండి చక్రానికి పట్టా ఎక్కించే పనీ ఇదే.

బండ్లు తోలేవాళ్ల లెక్క 1870కీ 1880కీ మధ్య మారడం చూస్తారు. 1878లో మాంచెస్టర్–కీన్ రైలు మార్గం వచ్చింది. అంతకుముందు ఉన్ని బేళ్లు లోపలికి, గుడ్డ బయటికి అంతా బండి మీదే.

గడపలెక్క

ఈ చిన్న కొట్లకి పరిశ్రమల షీట్లు చూడండి. 1850 నుంచి 1880 దాకా జనాభా లెక్కలతోపాటు విడిగా తీశారు. ఒక్కో కొట్టుకీ పెట్టుబడి, ఏడాదిలో వాడిన ముడిసరుకు, పనివాళ్లు, కూలి, తయారైన సరుకు విలువ, నడిపే శక్తి నీరా ఆవిరా చెయ్యా అన్నది ఉంటుంది. షరతు ఒక్కటే: ఏడాది సరుకు 500 డాలర్లు దాటాలి. ఒంటిచేత్తో నడిపే కమ్మరి ఆ గీత కింద ఉండిపోతే అక్కడ కనబడడు. కొట్టు లేదని కాదు.

1880లో పెద్ద గొయ్యి ఉంది. ఉన్ని, నూలు, ఇనుము లాంటి పెద్ద పరిశ్రమలకి ఆ ఏడాది ప్రత్యేక ఏజెంట్లు విడిగా తిరిగారు, వాళ్ల షీట్లు మామూలు వాటితో కలవలేదు, మిగల్లేదు కూడా. ఊళ్లో కోతమిల్లు, పిండిమిల్లు కనబడి, ఊరికి పేరు తెచ్చిన ఉన్ని మిల్లు కనబడకపోవడానికి కారణం అదే. మిల్లు అంకెలకి 1870 షీటే దిక్కు. అందులో హార్స్‌పవరు, ఎన్ని నెలలు నడిచింది, పిల్లలెందరు అన్నవీ ఉంటాయి.

పాతదస్తావేజు

సొంతదారు గడికి నీటి హక్కు జోడించకపోతే మిల్లు ఊరి పట్టిక సగమే. హారిస్‌విల్ చెరువు నుంచి దిగే వాగు మీద హారిస్ కుటుంబం మిల్లులు, 1850 ప్రాంతం నుంచి కాలనీ కుటుంబం చెషైర్ మిల్స్. అక్కడ నేలకంటే నీరు పడే ఎత్తుకే విలువెక్కువ. దస్తావేజుల్లో దాన్ని "మిల్ ప్రివిలేజ్" అంటారు. నేల ఒకడిది, ఆనకట్ట హక్కు ఇంకొకడిది, మిగులు నీళ్ల హక్కు మూడోవాడిది కావచ్చు. ఆనకట్ట ఎంత ఎత్తు కట్టొచ్చో రాతిలో దిగేసిన ఇనుప బోల్టు గుర్తుతో చెబుతారు. అంతకు మించి ఎత్తితే పైవాడి చక్రం వెనక నీళ్లు నిలిచి చక్రం బరువెక్కుతుంది, అక్కడినుంచి కోర్టే.

ముంపు సంగతి వేరే. న్యూహాంప్‌షైర్ 1868 చట్టం ప్రకారం మిల్లు కోసం పక్కవాడి నేల ముంచితే నష్టపరిహారం ఇవ్వాలి, కానీ అతను ఆపలేడు. అమోస్కియాగ్ కంపెనీ కేసులో 1885లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. కాబట్టి చెరువు గట్టున పొలమున్న రైతు దస్తావేజులో "ముంపు హక్కు మినహాయించి" అని ఉంటే ఆ నేల సొంతం రైతుదే, నీటిమట్టం కంపెనీది. రెండు వరసలు రాయండి.

గొలుసు_లింకు

దానికో లెక్క. పటంలో "మిల్" అని ఉన్నవన్నీ నిజంగా పెద్దవా అని తేల్చడానికి సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీరు, ఎన్ని అడుగుల పాతం (నీరు పడే ఎత్తు) అన్నది గుణించి 8.8తో భాగిస్తే హార్స్‌పవరు. 20 ఘనపుటడుగులు, 15 అడుగుల పాతం అయితే 34. చక్రంలో పోయేది తీసేసి నూటికి 70 పాళ్లు వేసుకుంటే 24. ఎండాకాలం నీరు సగానికి పడితే 12. మిల్లులు రాత్రి తూము మూసి చెరువు నింపుకునేది ఇందుకే. కిందివాడికి పొద్దున్నే నీళ్లు రాకపోతే తగాదా, ఆ తగాదాల్లోంచే ఎవరిది మొదటి హక్కో చెప్పే ఒప్పందాలు పుట్టాయి.

నేతగది

పేర్ల గురించి ఒక్క మాట. కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచి కుటుంబాలు మిల్లు ఊళ్లలో రెండు పేర్లతో కనబడతాయి. బోయివెర్ గ్రీన్‌వుడ్ అవుతాడు, లెబ్లాన్ వైట్ అవుతాడు, రువా కింగ్ అవుతాడు. 1870లో ఒక పేరు, 1880లో ఇంకొకటి ఉంటే కుటుంబం ఖాళీ చేసి పోయిందనుకోకుండా పిల్లల పేర్లు, వయసులు కలిపి చూడండి. పదేళ్లు జరిగిన వయసులతో అదే వరసలో పిల్లలుంటే అదే ఇల్లు.

వాగుగట్టు

గళ్లు మార్చాను: పటంలో పేరు, రుజువైన సొంతదారు, రుజువు సంపుటం పేజీ, కాపురం, పని 1870, పని 1880, నీటి హక్కు. పన్ను జాబితాలు ఎలా వాడాలి? దస్తావేజు దొరకని ఇళ్లకి అవే దారిలా ఉన్నాయి.

పాతదస్తావేజు

న్యూహాంప్‌షైర్‌లో ఏప్రిల్ 1 నాటికి ఎవరి దగ్గర ఏముందో దాని మీద పన్ను. ఊళ్లో ఉండేవాళ్లు, బయటివాళ్లు విడి జాబితాలు. ఇల్లూ నేలా లేకుండా తలపన్ను ఒక్కటే కట్టినవాడు అద్దెకున్నవాడు. ఒకటి రెండు ఆవులు, ఇల్లు, అర ఎకరం ఉన్నవాడు మీరు వెతికే వృత్తిదారు. ఒక్క ఏడు చాలదు, 1871 నుంచి 1880 దాకా ఏటేటా అదే పేరు లాగండి. నేల గడి ఏ ఏడు నిండిందో, దానికి ముందు ఏప్రిల్‌కీ ఆ ఏప్రిల్‌కీ మధ్య కొన్నాడు. కీన్‌లో ఆ పన్నెండు నెలల సూచిక మాత్రం తిరగేస్తే చాలు. నమోదు ఆలస్యంగా చేయించినవాళ్లూ ఉంటారు కాబట్టి అక్కడ దొరక్కపోతే తర్వాతి రెండు మూడేళ్ల సూచికలు కూడా చూడండి.